మల్లయ్య దూడలు, మా సీసాలు

వైరస్ ల్యాబులో ఉద్యోగం అనగానే ఏదో మహా శోధన అనుకుని చేరతారు పిల్లలు. నేనూ అలాగే చేరాను. మొదటి ఏడాదంతా నేను శోధించింది సీసాలు సరిగ్గా కడిగారా లేదా అన్నదొక్కటే. కాస్త సబ్బు మరక మిగిలినా లోపల కణాలు చచ్చి ఊరుకునేవి, వారం రోజుల చాకిరీ బూడిదలో పోసినట్టయ్యేది.

మా అక్క మనవరాలు ఇప్పుడు అలాంటి ల్యాబులోనే చేరింది. "నీ సర్వీసులో నేర్చుకున్నవి రాసిపెట్టు అమ్మమ్మా" అని ప్రాణం తీస్తోంది. ప్రమోషన్లు, బదిలీలు, పైవాళ్ళ తనిఖీలు ఎవరికి కావాలి? పాతికేళ్ళకు పైగా చేసిన ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్నది ఒకే ఒక్కటి. అదీ నా తప్పు వల్ల, ఇంకొకరు నష్టపోయాక. అదే రాస్తాను, ఓపిక ఉన్నంతవరకు.

చాదర్

అరవైల చివర్లో బందరు నుంచి వచ్చాను. పశువుల జబ్బులు చూసే ల్యాబు, ఫలక్‌నుమా వెళ్ళే దారిలో ఉండేది. శాలిబండలో ఒక మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక.

వైరస్ ఉందో లేదో తెలియాలంటే దాన్ని పెంచి చూడాలి. అది తనంతట తాను పెరగదు. దాని దగ్గర ఉన్నదల్లా చిన్న జన్యువు, దాని మీద ఒక ప్రొటీన్ తొడుగు. బతికున్న కణంలో దూరితే తప్ప ఒకటి రెండు కాలేదు. అందుకని రోజూ పొద్దున్నే కబేలా నుంచి ఐసు డబ్బాలో దూడ కిడ్నీలు వచ్చేవి. ఇంట్లో కోడిగుడ్డు కూడా తెలియని దాన్ని, మొదటి రోజు కత్తెర పట్టుకుని భోరున ఏడ్చాను. నెల తిరిగేసరికి అదే కత్తెరతో చకచకా కోస్తూ కూర ఏం వండాలా అని ఆలోచించేదాన్ని.

కిడ్నీని రవ్వంత ముక్కలు చేసి, కణాలు విడివడేదాకా ఒక ద్రావణంలో తిప్పి, వాటికి తిండి అయిన ఎర్రటి నీళ్ళతో సీసాల్లో పోసి వెచ్చటి పెట్టెలో పెడతాం. కణాలు గాజుకు అతుక్కుని, ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగైదు రోజుల్లో సీసా అడుగంతా ఒకే పొరగా పరుచుకుంటాయి. ఆ పొరను మా డాక్టర్ సాబ్ 'చాదర్', అంటే దుప్పటి, అనేవారు.

డాక్టర్ సాబ్ మా ల్యాబుకు పెద్ద. పాత హైదరాబాదు మనిషి. ఎండాకాలంలో కూడా షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చేవారు. మామూలుగా నన్ను "బేటీ" అని పిలిచేవారు. "మేడం" అన్నారంటే ఆ రోజు నా పని అయిపోయిందన్నమాట.

"చాదర్ అధూరా, సగమే ఉండంగనే నమూనా పోసినవు మేడం. రేపు కణాలు సచ్చినయనుకో. వైరస్ చంపిందా, నువ్వు చంపినవా? ఎట్ల చెప్తవు?"

ఆయన పెట్టిన నియమాలు రెండు. చాదర్ పూర్తిగా నిండాకే నమూనా పోయాలి. ప్రతిసారీ పక్కన ఏమీ కలపని సీసా ఒకటి ఉంచాలి. చాదర్ నిండని సీసాలను తిన్నగా కడిగే గదికి పంపేసేవాళ్ళం. నిండిన సీసాను కిటికీ వెలుగులో పెట్టి చూసుకుని మురిసిపోయేవాళ్ళం.

ఆయన్ని తప్పుపట్టను. ఆయన జీవితమంతా గొర్రెల మశూచి వైరస్‌తో గడిచింది. అది పెద్ద వైరస్. తన జన్యువుకు నకలు తీసుకునే ప్రొటీన్లు చాలావరకు తానే చేయించుకుంటుంది. కణం విభజన చెందుతోందా, ఊరికే కూర్చుందా అన్నది దానికి పట్టదు. అలాంటిదానికి నిండు చాదరే సరైనది. ఒకదానికి సరిపోయింది అన్నిటికీ సరిపోతుందని మేమంతా అనుకున్నాం, అంతే.

వేలు పట్టించేవాడు

డెబ్బైల చివర్లో ఊరి చివర ఉన్న ఒక పాల ఫారంలో దూడలు చచ్చిపోవడం మొదలైంది. పుట్టిన వారంలోపే పారుడు, అంటే నీళ్ళ విరేచనాలు, పట్టుకునేది. మూడో రోజుకు దూడ లేచి నిలబడేది కాదు. ఆ దూడల కొట్టం చూసుకునే మనిషి మల్లయ్య. ఇరవై ఏళ్ళుగా అక్కడే, ఇరవై ఏళ్ళుగా టెంపరరీగానే ఉన్నాడు. దూడల పేడ నమూనాల డబ్బా సైకిల్‌కు కట్టుకుని తనే తెచ్చేవాడు.

ఫారంలో తల్లి పాలు పిండేసి దూడకు బకెట్‌లో పోస్తారు. అప్పుడే కళ్ళు తెరిచిన దూడకు బకెట్‌లో తాగడం ఏం తెలుస్తుంది? మల్లయ్య రెండు వేళ్ళు పాలల్లో ముంచి దూడ నోట్లో పెట్టేవాడు. అది చన్ననుకుని చీకేది. మెల్లగా చెయ్యి కిందికి దించి బకెట్‌లో పెడితే, వేళ్ళతో పాటు పాలు కూడా పీల్చడం నేర్చుకునేది. ఎంత మొండి దూడైనా పూటలో తాగేదని ఆ ఫారం వాళ్ళే చెప్పేవారు.

ఇప్పుడు ఆ వేళ్ళ మీదే పడ్డాడు ఫారం సూపరింటెండెంటు. మల్లయ్య చేతులు కడుక్కోడు, మురికి వేళ్ళు పెట్టి దూడల్ని చంపాడు అని విచారణ పెట్టించాడు. మా ల్యాబు వైరస్ ఉందంటే అది జబ్బు. లేదంటే మల్లయ్య నిర్లక్ష్యం.

"అమ్మా, నా ఇంట్ల సబ్బు లేకున్నా కొట్టంల సబ్బు ఉంటది," అన్నాడు మల్లయ్య మా వరండాలో గొంతుక్కూర్చుని. "ఇర్వై ఏండ్ల సంది సాకుతున్న. గిట్ల ఎన్నడు గాలే. మంచిగ జూడుండ్రి. జెర తీరికగ జూడుండ్రి."

"చూస్తాం మల్లయ్యా. మేమున్నది అందుకే కదా," అన్నాను.

చూశాం. మూడుసార్లు నమూనాలు వచ్చాయి. మూడుసార్లూ అందంగా నిండిన చాదర్ మీద పోశాం. వారం పది రోజులు రోజూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. కణాలు చెక్కుచెదరలేదు. మూడుసార్లూ నేనే రాసి, నేనే సంతకం పెట్టాను, 'వైరస్ లేదు' అని. డాక్టర్ సాబ్ కింద సంతకం చేశారు. మూడోసారి వచ్చినప్పుడు కాగితం చేతికిస్తే మల్లయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అతనికి చదువు రాదు.

"ఏమున్నదమ్మా ఇండ్ల?"

చెప్పాను. ఆ మనిషి ఏడవలేదు, అరవలేదు. తన రెండు చేతులూ ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "అద్దాలల్ల జూసినంక ఇగ నేనేమంట తీ," అని కాగితం మడిచి డబ్బాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా పనిలోంచి తీసేశారని తెలిసింది. అయ్యో అనుకున్నాను. ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాను కూడా.

కర్ఫ్యూ

దూడలు చావడం ఆగలేదు. మల్లయ్య పోయాక కొత్తగా వచ్చినవాడూ వేళ్ళే పట్టించేవాడు. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ అదే ఫారం నుంచి డబ్బా వచ్చింది. మల్లయ్య లేకపోయినా దూడలు చస్తున్నాయంటే ఎవరికైనా బుర్రలో వెలగాలి. ఎవరికీ వెలగలేదు, నాకు కూడా. అందుకే రాస్తున్నాను, తెలివిగల వాళ్ళం అనుకునే జాగాలోనే ఇలాంటివి జరుగుతాయని.

ఆ రోజు పొద్దున కిడ్నీలు కోసి కణాలు సీసాల్లో పోశాను. పోసి గంట కూడా కాలేదు, దూడల నమూనా వచ్చింది. మధ్యాహ్నానికి చార్మినార్ వైపు ఏదో గొడవ, కర్ఫ్యూ పెట్టేశారన్నారు. అందరూ ఉరుకులు పరుగులు. డాక్టర్ సాబ్ అప్పుడు రెండు వారాల సెలవులో ఉన్నారు.

నియమం ప్రకారం అయితే నమూనా ఫ్రిజ్‌లో పెట్టి, ఐదు రోజులాగి, చాదర్ నిండాక పోయాలి. కానీ కర్ఫ్యూ ఎప్పుడు తీస్తారో ఎవడికి తెలుసు? కరెంటు ఉంటుందో ఉండదో. ఫ్రిజ్ ఆగితే నమూనా కుళ్ళిపోతుంది. కుళ్ళిన నమూనా కంటే తప్పుగా పోసిన నమూనా నయం అనిపించింది. అప్పుడే పోసిన సీసాల్లో, కణాలు ఇంకా గాజుకు అతుక్కోకముందే, నమూనా కలిపేశాను. పాత దఫాలో నిండిన సీసా ఒకటి మిగిలి ఉంటే దాంట్లోనూ పోశాను. డాక్టర్ సాబ్ తిడతారన్న భయంతో, అప్పుడే పోసిన సీసా ఒకటి ఏమీ కలపకుండా పక్కన పెట్టాను.

వాచ్‌మన్ ఖాజా భాయ్ గేటు దగ్గర తొందరపెడుతున్నాడు. "నువ్ పో అమ్మా, పోలీసోళ్ళు దారి మూస్తున్నరు. డబ్బా గరం ఉండాలె, గంతే గద? నేను జూస్త. ఫికర్ చెయ్యకు."

ఆయన ఆ ఐదు రోజులూ ల్యాబులోనే చిక్కుకుపోయాడు. కరెంటు పోయినప్పుడల్లా ఇంక్యుబేటర్ చుట్టూ తన రజాయి చుట్టి ఉంచాడట. నా సర్వీసులో ఏ పేపర్‌లోనూ ఆయన పేరు వేయలేదు. వేయాల్సింది.

ఆరో రోజు సడలింపు ఇచ్చాక పరుగెత్తాను. నిండు చాదర్ సీసా చూశాను, ఎప్పటిలాగే ఏమీ లేదు. ఏమీ కలపని లేత సీసా చూశాను, చక్కగా నిండింది. నమూనాతో పాటు పెరిగిన సీసా చూసేసరికి చెయ్యి ఆగిపోయింది. కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి, పొర చిల్లులు పడి ఉంది. ఆ నీళ్ళు తీసి గినీపిగ్ రక్తకణాలతో కలిపి చూశాను. వైరస్ లేకపోతే రక్తకణాలు పరీక్ష పలక గుంట అడుగున చుక్కలా కూర్చుంటాయి. ఉంటే ఒకదానికొకటి అంటుకుని పరుచుకుంటాయి. పరుచుకున్నాయి. ఇంకోసారి చేశాను. మళ్ళీ పరుచుకున్నాయి.

చిన్న వైరస్ సంగతి

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. లైబ్రరీలో దుమ్ము కొట్టుకుపోతున్న విదేశీ పత్రికల్లో అంతకు ముందే ఉంది. మనవరాలి కోసం మళ్ళీ చెబుతున్నాను.

ఇది వైరస్‌లలోకెల్లా చిన్నవాటిలో ఒకటి. దాని జన్యువు ఒంటి పోగు. ఆ పోగుకు జత పోగు అల్లాలి, ఆ తర్వాత నకళ్ళు తీయాలి. అల్లే ప్రొటీన్ దాని దగ్గర లేదు. అల్లడానికి కావలసిన ముడిసరుకు తయారుచేసేదీ లేదు. తనదంటూ ఉన్న ఒకటి రెండు ప్రొటీన్లు పని మొదలుపెట్టించడానికి పనికొస్తాయి, మిగతాదంతా కణం సొత్తే. పెళ్ళికి వంటవాడు గరిటె ఒక్కటి చంకలో పెట్టుకుని వచ్చి, పొయ్యి, గిన్నెలు, సరుకులు, మనుషులు అన్నీ మీవే అన్నట్టు.

కణం ఆ సామాను ఎప్పుడూ బయటపెట్టి ఉంచుకోదు. తాను రెండుగా చీలబోయే ముందు తన జన్యువుకు నకలు తీసుకోవాలి కదా, ఆ కాసేపే అవన్నీ సిద్ధం చేసుకుంటుంది. పని కాగానే సర్దేస్తుంది. చాదర్ నిండి కణాలు ఒకదానికొకటి ఆనుకున్నాయంటే ఇక విభజన ఆపేస్తాయి. సామాను లోపలికి పోయినట్టే. పెద్ద వైరస్‌లలో కొన్ని కణాన్ని బలవంతంగా ఆ పనికి దించగలవు. దీనికి ఆ శక్తి కూడా లేదు. లోపల దూరి ఎదురుచూస్తుంది, కణం తనంతట తాను పని మొదలుపెట్టేదాకా.

మేము ఎంతో ప్రేమగా నింపిన చాదర్‌లో అది మూడుసార్లూ దూరి, చేతులు కట్టుకుని కూర్చుంది. మేము లేదన్నాం. పసి దూడ పేగు లోపలి పొర మాత్రం రాత్రీపగలూ పాత కణాలు రాలుస్తూ కొత్తవి పుట్టిస్తూ ఉంటుంది. అక్కడ సామాను ఎప్పుడూ బయటే ఉంటుంది. అందుకే పారుడు, అందుకే పసిదూడలు.

పాత నమూనా

మల్లయ్య తెచ్చిన నమూనాల్లో ఒక గొట్టం ఐసు పెట్టె అడుగున ఇంకా ఉంది, నా చేతిరాతతోనే. ఈ వైరస్ మహా మొండిది, ఏళ్ళు గడిచినా చావదు. అప్పుడే పోసిన సీసాలో కలిపాను. ఐదు రోజులకు అదే చిల్లుల పొర, అదే పరీక్ష, అదే జవాబు. ఆ దూడలను చంపింది మల్లయ్య మురికి కాదని తేలింది.

డాక్టర్ సాబ్ సెలవు నుంచి వచ్చాక అన్నీ ముందు పెట్టాను. చాలాసేపు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు. "పాత ఫైలు మళ్ళ తెరిస్తే ల్యాబు ఇజ్జత్ పోతది బేటీ," అన్నారు.

"మన ఇజ్జత్ సరే సాబ్, ఆ మనిషి ఇజ్జత్?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మెడ దగ్గర గుండీ ఒకటి విప్పుకున్నారు. "మూడు కాయితాల మీద నా దస్తఖత్ ఉన్నది. రాయి, చేస్త," అన్నారు. చేశారు కూడా. ఆయన మీద నాకు మిగిలిన గౌరవమంతా ఆ సంతకం మీదే ఉంది.

కాగితం ఫారానికి వెళ్ళింది. సూపరింటెండెంటు ఫోన్లో ఒక్క ముక్క అన్నాడు. "వాడు టెంపరరీ అండీ, ఫైలు ఎప్పుడో మూసేశాం." నేను రెండుసార్లు స్వయంగా వెళ్ళాను. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, పని మాత్రం ఇవ్వలేదు. ఇంకా పోరాడాల్సిందేమో. అలసిపోయాను. ఇప్పుడు తలుచుకున్నా అలసటే వస్తుంది.

ఫలక్‌నుమా స్టేషను వెనక

మల్లయ్య ఇల్లు ఖాజా భాయ్ వాకబు చేసి చెప్పాడు. ఫలక్‌నుమా స్టేషను వెనక ఒక రేకుల షెడ్డు. దబీర్‌పురా స్టేషన్లో మూటలు మోస్తున్నాడట. శాలిబండలో పాడి పశువుల తబేలాల వాళ్ళను పని అడిగితే, "దూడల్ని సంపినోడు" అని గేటు దగ్గరే ఆపేశారట.

నన్ను చూసి గాభరాగా లేచి, ఉన్న ఒక్క స్టూలు తుడిచి వేశాడు. కూతురు పురుటికి వచ్చి ఇంకా వెళ్ళలేదు. చీర ఉయ్యాలలో ఎనిమిది నెలల ఆడపిల్ల ఒకటే ఏడుపు. కూతురు పొయ్యి దగ్గర నుంచి, "బాపూ, జెర ఎత్తుకోరాదు," అంది. అతను కదల్లేదు. ఉయ్యాల తాడు మాత్రం ఊపాడు.

"ఎత్తుకోడమ్మా," అంది కూతురు నాతో. "పుట్టిన సంది ఒక్కపారి ముట్టలే. ఏమన్నంటే చేతులు మంచిగ లెవ్వంటడు."

తెచ్చిన కాగితం తీసి, మెల్లగా అంతా చెప్పాను. వైరస్ ఉంది మల్లయ్యా, అప్పుడూ ఉంది, మా సీసాల్లో పెరగలేదు, పెంచడం మాకు చేతకాలేదు, తప్పు మాది అన్నాను. అతను కాగితం అందుకోలేదు.

"నేను గూడ మొదాలు లొల్లి వెట్టిన అమ్మా. నా తప్పు లేదన్న. మీ కాయితం అచ్చినంక నాకే అనుమానమైంది. అంత సదువుకున్నోళ్ళు మూడుపార్లు జూసి లేదంటే, ఇగ నా చేతులల్లనే ఏదో ఉన్నదనుకున్న." అప్పుడు అడిగాడు. "అయితే నా చేతులు కాదా అమ్మా?"

ఇక్కడ నిజం రాయాలి. ఆ వైరస్ చేతుల మీదుగా ఒక దూడ నుంచి ఇంకో దూడకు పోతుంది. సబ్బుకు చావదు. ఎంత కడిగినా, ఆ వేళ్ళు ఒక నోట్లోంచి తీసి ఇంకో నోట్లో పెడితే మోసుకుపోయే ఉంటాయి. మల్లయ్యవే కాదు, ఎవరి వేళ్ళయినా అంతే. రిపోర్టులో అయితే 'చెప్పలేం' అని రాయాలి. మనవరాలా, నువ్వు అలాగే రాయి. కనిపించకపోతే 'మా పద్ధతిలో పెరగలేదు' అని రాయి, 'లేదు' అని రాయకు. తెలియనిది తెలియదనే రాయి. నా ఉద్యోగం మొత్తం మీద నీకు చెప్పగలిగింది ఇంతే.

కానీ ఆ రోజు నేను, "కాదు మల్లయ్యా, నీ చేతులు కాదు," అన్నాను. తడుముకోలేదు. 'వైరస్ లేదు' అని రాసినప్పుడు కూడా అంత ధీమాగా రాయలేదు.

అతను లేచి బయట నల్లా దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. అది ఏడుపు మాని, అతని చూపుడువేలు పట్టుకుని తిన్నగా నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. అతను ఉలిక్కిపడి వేలు లాక్కోబోయి, నా మొహంలోకి చూశాడు.

ఏం కాదని తల ఊపాను.